మైకు గుయ్యిమంటే ఎర్తు పిన్ను కొయ్యమాకండి



ఈసారి మినుము తెగుళ్ళ గురించీ కాదు, కాలవ నీళ్ళ గురించీ కాదు. గుళ్ళో మైకుసెట్టు గురించి, ఇంట్లో పాటల పెట్టె గురించి రాస్తున్నా. నవ్వమాకండి. ఇది ప్రాణాల దాకా పోయే సంగతి, సగం చదివేసరికి మీకే తెలుస్తుంది.

మన చెవులు మామూలు చెవులు కాదు. చేలో మోటారు స్టార్టరు నొక్కగానే గట్టు మీద నుంచే చెప్పేస్తాం. గుయ్యిమని మూలుగుతూ తిరక్కపోతే ఒక ఫేజు పోయిందంటాం. గరగరమంటే బేరింగు అరిగిందంటాం. శబ్దం తేలికైతే పంపు గాలి పీల్చిందంటాం. ఇంత తెలిసిన మనిషి ఇంటికొచ్చాక స్పీకరు బాక్సు బుర్రుమంటే ఏం చేస్తాడు? పెట్టె నెత్తిన ఒక్కటిస్తాడు. ఆగితే సంతోషం. ఆగకపోతే బజారుకి తీసుకెళ్ళి ఐదొందలో వెయ్యో ఇచ్చొస్తాడు.

స్పీకర్లో వచ్చే పాడు శబ్దం కూడా మోటారు శబ్దం లాంటిదే. అది ఊరికే రాదు, ఎక్కడ తేడా ఉందో చెబుతుంది. దాని మాట వినాలి గానీ ముందు నోరు నొక్కకూడదు. నేను చెప్పదల్చుకుంది ఇదొక్కటే. మిగతాదంతా ఎట్లా వినాలో చెప్పటమే.

ముందు ఆ శబ్దం ఎందుకంత పెద్దగా వినపడుతుందో చూడండి. మైకులో మనం మాట్లాడితే పుట్టే కరెంటు వోల్టులో వెయ్యో వంతు, మహా అయితే కొన్ని వెయ్యో వంతులు. దాన్ని యాంప్లిఫయర్ వేల రెట్లు పెంచి హారన్లకి పంపుతుంది. దానికి మంచీ చెడూ తెలీదు. పక్కనున్న కరెంటు వైరు నుంచి రవ్వంత దూరినా మన గొంతుతో పాటు దాన్నీ వేల రెట్లు పెంచుతుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి అది లోపలికి దూరితే లావు గొంతుతో "గుఁ..." అని మోగుతుంది. యాంప్లిఫయర్ లోపల ఏసీని డీసీగా మార్చే చోట తేడా వస్తే సెకనుకి 100 సార్లు మోగుతుంది. అది కాస్త గరుకుగా "బర్ర్..." అంటుంది. నాలుగు రోజులు వింటే ఈ రెండిటికీ తేడా మీకే పట్టుబడుతుంది.

ఇక పరీక్షలు. వరసగా చెయ్యండి, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కసారే నాలుగు మార్చామంటే ఏది మారిస్తే తగ్గిందో తెలీదు. మూడు మందులు కలిపి కొట్టి ఏది పనిచేసిందో తెలీక మళ్ళీ మూడూ కొన్నట్టుంటుంది.

మొదటిది. శబ్దం స్పీకర్లోంచి వస్తుందా, యాంప్లిఫయర్ పెట్టెలోంచి వస్తుందా? పెట్టెలోంచే సన్నగా మూలుగుతుంటే అది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ శబ్దం. బోల్టులు వదులై ఉండొచ్చు, వోల్టేజి ఎక్కువై ఉండొచ్చు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సెట్టయితే ఇంకో సంగతుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెకనుకి 60 సార్లు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మనం పెట్టుకున్నా ఆ 60 మాత్రం 60గా రాదు, 50గానే ఉంటుంది. అందుకని కొన్ని సెట్లు ఇక్కడ ఎక్కువ మూలుగుతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. వెనకాల అతికించిన చీటీ మీద 50/60 అని రాసుందో లేదో చూసి పెట్టండి.

రెండోది. వాల్యూము పూర్తిగా సున్నా చెయ్యండి. అప్పుడు కూడా గుయ్యిమంటుంటే తప్పు వాల్యూము నాబు తర్వాతే, అంటే యాంప్లిఫయర్ లోపలే. ఎక్కువసార్లు దోషి పెద్ద కండెన్సరు. ఏళ్ళ తరబడి వేడికి లోపల ఎండిపోయి, నెత్తి ఉబ్బి కనిపిస్తుంది. మార్చటం పెద్ద ఖర్చేం కాదు. కానీ మూత మీరు తియ్యమాకండి. ప్లగ్గు పీకేసినా అందులో కరెంటు నిలవుంటుంది. అది మెకానిక్కు పని. మీరు వెళ్ళి "వాల్యూము సున్నా పెట్టినా బర్రుమంటుంది" అని చెప్పండి చాలు. ఆ ఒక్క మాటతో అతనికి సగం పని తగ్గుతుంది, మనకి బిల్లు తగ్గుతుంది.

మూడోది. వాల్యూముతో పాటు శబ్దం కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటే తప్పు ముందు వైపు నుంచి వస్తుంది. సెట్టు ఆపి, మైకు వైర్లు, ఫోను వైరు, టీవీ వైరు ఒక్కొక్కటే పీకుతూ మళ్ళీ వేసి వినండి. ఏది పీకితే ఆగిందో అక్కడే దొంగ దొరికినట్టు. మైకు వైర్లో లోపలి తీగ చుట్టూ అల్లిన జల్లెడ తీగ ఉంటుంది. బయటి కరెంటు లోపలికి రాకుండా కాపలా కాసేది అదే. వైరుని లాగి, మడిచి, కాలికింద తొక్కి, పిన్ను దగ్గర ఆ అల్లిక తెగుతుంది. కాపలా లేని చేలోకి గేదెలు వచ్చినట్టు గుయ్యిమనే శబ్దం అక్కణ్ణించే దూరుతుంది. పిన్ను దగ్గర రెండంగుళాలు కోసేసి మళ్ళీ సోల్డరింగు చేయిస్తే సరిపోతుంది.

నాలుగోది మనకే చేతనైన పరీక్ష. గుళ్ళలో, సభల్లో వాడే మైకు యాంప్లిఫయర్లకి చాలావాటికి వెనకాల బ్యాటరీ బిగించే చోటుంటుంది. 12 వోల్టులని రాసుంటే ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకుని తగిలించండి. కరెంటు ప్లగ్గు పీకెయ్యండి. బ్యాటరీ మీద శబ్దం ఆగిపోతే తప్పు కరెంటు వైపుంది. బ్యాటరీ మీద కూడా ఆగలేదంటే మైకు వైరునో, దాని పక్కనే పోయే కరెంటు వైరునో చూడండి. మైకు వైరుని కరెంటు వైరుతో కలిపి కట్టమాకండి. దాటించాల్సి వస్తే అడ్డంగా దాటించండి గానీ పక్కపక్కనే పరిగెత్తించొద్దు.

ఐదోది. ఇంట్లో మిగతావి ఒక్కొక్కటీ ఆపి చూడండి. ఫ్యాను రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఇవన్నీ బుర్రుమనిపించేవే. ఫోను చార్జింగులో పెట్టి పాట వేస్తే గుయ్యిమని, చార్జరు పీకగానే ఆగితే పాపం చార్జరుది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఉన్నప్పుడే బర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. దానికి యాంప్లిఫయర్‌ని తప్పుపట్టి లాభం లేదు. పాత 2జీ ఫోను పెట్టె పక్కనే పెడితే రింగు వచ్చే ముందు "టిట్టిటిట్ టిట్టిటిట్" అంటుంది, అది జబ్బు కాదు, ఫోను దూరంగా పెట్టండి.

సెకనుకో "టక్" అని గడియారంలా కొడుతుంటే? చుట్టుపక్కల చేలో పందులకో కోతులకో పెట్టిన ఝట్కా మెషీన్ అది. దాని కరెంటు రమారమి సెకనుకోసారి తీగలోకి పోతుంది. గట్టిగా వినపడుతుందంటే తీగ ఎక్కడో గడ్డికో తడి కర్రకో తగిలి నిప్పురవ్వ కొడుతుందన్నమాట. పాత మీడియం వేవ్ రేడియో అటక మీద ఉంటే దించి, స్టేషను లేని చోట పెట్టి, కంచెకి చెయ్యి తగలకుండా వెంట నడవండి. టక్కుటక్కు ఎక్కడ పెద్దదైతే కంచె లీకు అక్కడే. పాడు శబ్దం కూడా పనికొస్తుందని ఇందుకే అంటున్నా.

స్పీకరు వైపు తప్పులు వేరే రకం. సౌండు పెంచినప్పుడే పగిలిన బాన మోగినట్టుంటే కాగితం చిరిగిందో, లోపలి కాయిల్ పక్కకి ఒరిగిందో చూడాలి. సెట్టు ఆపి, కాగితాన్ని రెండు చేతుల వేళ్ళతో రెండు వైపులా సమంగా మెల్లగా నొక్కండి. బరబరా గీరుకుంటే కాయిల్ పోయినట్టే. వాల్యూము తిప్పేటప్పుడు మాత్రమే కరకరమంటే నాబులో దుమ్ము. దానికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉంటుంది. కొబ్బరినూనె, కిరోసిను పొయ్యమాకండి, దుమ్ము ఇంకా పట్టేస్తుంది.

రెండు బాక్సులున్నా బేస్ రావట్లేదంటే ఒకదాని వైర్లు తిరగబడి ఉండొచ్చు. వైర్లు యాంప్లిఫయర్ నుంచి ఊడదీసి, గోడగడియారం సెల్లు రెండు కొసలకీ క్షణం తాకించండి. కాగితం ముందుకొస్తే సెల్లు ప్లస్సు తాకిన వైరే ప్లస్సు. రెండు బాక్సులకీ గుర్తుపెట్టి ఒకే తీరున కలపండి.

మన సముద్రపు గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా తీరానికి దగ్గర ఊళ్ళలో రాగి పిన్నుకి ఏడాది తిరక్కుండా పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన పిన్ను కరెంటుని సగం పోనిచ్చి సగం ఆపుతుంది, అందుకే చిటపటలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అట్లాంటి గాలివానలకి తడిసిన బోర్డులు, జాయింట్లు ఎండిపోయినట్టే కనపడతాయి. లోపల చిలుము మాత్రం మెల్లగా తింటూనే ఉంటుంది. ఏడాదికోసారి పండగ ముందు పిన్నులన్నీ పీకి, తుడిచి, మళ్ళీ గట్టిగా పెడితే సగం శబ్దాలు అక్కడితో పోతాయి.

ఇప్పుడు అసలు సంగతి.

చాలా ఊళ్ళలో గుయ్యిమనే శబ్దానికి ఒక చిట్కా నడుస్తుంది. త్రీపిన్ టాపులో పైన లావుగా ఉండే ఎర్తు పిన్ను కటింగ్ ప్లేయరుతో కోసేస్తారు, లేదా ఎర్తు వైరు పీకేస్తారు. శబ్దం ఠక్కున ఆగుతుంది. కోసినోడు ఆ రోజు ఊళ్ళో మొనగాడు. ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఎవరూ కొయ్యరు.

మనకి తెలిసిన లెక్కలో చెబుతా. పక్కపక్క మళ్ళు రెండున్నాయి. ఒకటి రవ్వంత ఎత్తు, ఒకటి పల్లం. మధ్య గట్టుకి గండి పడితే నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి పోతూనే ఉంటాయి. యాంప్లిఫయర్ ఒక బోర్డు నుంచి, ల్యాప్‌టాపో టీవీయో ఇంకో చోటు నుంచి కరెంటు తీసుకుంటే రెండిటి ఎర్తులూ సరిగ్గా ఒకే మట్టంలో ఉండవు. రెండిటినీ కలిపే పాటల వైరే ఆ గండి. ఆ వైరు జల్లెడ తీగలోంచి కొద్దికొద్దిగా కరెంటు పారుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచి గుయ్యిమనిపిస్తుంది. గండి పూడ్చాలంటే రెండిటినీ ఒకే బోర్డు నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి నడపాలి. మట్టం ఒకటైపోతుంది, పారుదల ఆగుతుంది. అట్లా కుదరకపోతే పాటల వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటరు దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ షాపులో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అడగండి.

ఎర్తు కోసినా పారుదల ఆగుతుంది, నిజమే. కానీ ఎర్తంటే గండి కాదు, మురుగు కాలవ. నల్లమడ డ్రైను మూసుకుపోతే దిగువ పొలాల గతేందో బాపట్ల రైతుకి ఒకరు చెప్పాలా? మామూలు రోజుల్లో మురుగు కాలవతో పనే లేనట్టుంటుంది. వాన కురిసిన రోజు అదే మన పంటని కాపాడుతుంది. ఎర్తు కూడా అంతే. పెట్టె లోపల ఫేజు వైరు రేకుకి తగిలిన రోజు ఆ కరెంటంతా ఎర్తు దారిన పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు కోసేస్తే ఆ కరెంటు రేకు మీదే కాచుక్కూచుంటుంది. ముందు ముట్టుకున్న మనిషే దానికి మురుగు కాలవ.

మా పక్క ఊళ్ళో ఒక శ్రీరామనవమికి ఇట్లాగే జరిగింది. పానకం ఒలికి గచ్చంతా తడి. అయ్యవారు తడి పంచెతో, వట్టి కాళ్ళతో వచ్చి ఇనప మైకు స్టాండు పట్టుకున్నారు. పట్టుకోవటం ఏంది, విసిరికొట్టినట్టు వెనక్కి పడ్డారు. వెనక చాప మీద జనం ఉండబట్టి బతికారు. మెయిన్ ఆపించి చూస్తే టాపుకి ఎర్తు పిన్ను లేదు, నున్నగా కోసి ఉంది. ఎవరు కోశారని అడగలేదు. రెండేళ్ళ నుంచి అట్లాగే ఉందట, "అప్పటి నుంచి మైకు భేషుగ్గా పలుకుతుంది" అన్నారు. ఎలక్ట్రీషియన్ మూత తీస్తే లోపల కరెంటు వైరు తొడుగుని ఎలక కొరికింది, రాగి తీగ రేకుని తాకుతుంది. మన చేలో ఎలకలే, ఇంకెక్కడివో కాదు. ఎర్తు ఉండుంటే తీగ తాకిన క్షణమే ఫ్యూజు పోయేది. మైకు మూగబోయేది, మనిషికేం అయ్యేది కాదు.

ఆ గుళ్ళో అసలు గుయ్యిమన్నది ఎందుకంటే పాటలు వేసే ల్యాప్‌టాప్‌కి పక్కింటి కిటికీలోంచి కరెంటు లాగారు, యాంప్లిఫయర్‌కి గుడి బోర్డు నుంచి. వైరు మార్చి, కొత్త టాపు వేసి, రెండూ ఒకే బాక్సుకి పెట్టారు. ఎర్తు ఉంది, గుయ్యిమనటం లేదు. రెండేళ్ళ కింద పావుగంట చేసుంటే సరిపోయే పని.

మీ టాపు ఒకసారి చూడండి. మూడు పిన్నుల్లో ఎర్తు పిన్ను లావుగా, మిగతా రెండిటికన్నా పొడుగ్గా ఉంటుంది. పెట్టేటప్పుడు ముందు ఎర్తు తగలాలి, పీకేటప్పుడు చివర ఎర్తు వదలాలి. అందుకని అట్లా చేశారు. అంత ఆలోచించి పెట్టినదాన్ని కొయ్యమాకండి.

పిన్నుంటే చాలదు, దాని వెనక నిజంగా ఎర్తుండాలి. చాలా ఇళ్ళలో మూడో బెజ్జం వెనక వైరే ఉండదు. ఎర్తు గుంటలో కనీసం రెండున్నర మీటర్ల పైపు దిగాలి. తీరం ఊళ్ళలో తడికి, ఉప్పుకి ఎర్తు బాగానే పలుకుతుంది గానీ ఇనప పైపుని ఆ ఉప్పే తినేస్తుంది, మూడు నాలుగేళ్ళకోసారి క్లాంపు దగ్గర తవ్వి చూడాలి. పైన నల్లరేగళ్ళలో ఎండాకాలం నేల బీటలు తీసి పైపుని వదిలేస్తుంది, వేసవిలో గుంటలో నీళ్ళు పొయ్యాలి. ఎర్తు పనిచేస్తుందో లేదో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి పది నిమిషాల్లో చెబుతాడు.

దానితో పాటు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. అంతకు మించి కరెంటు దారితప్పితే రెప్పపాటులో కట్ చేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లంటే ఏపాటి? 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగేది కూడా అంతకంటే ఎక్కువే. మనిషి ప్రాణం పోవటానికి బల్బు వెలిగేంత కరెంటు కూడా అక్కర్లేదు.

ఇంకో గుర్తు. మైకు గుయ్యిమంటూ, మోటారు వేసినప్పుడల్లా ఒక ఇంట్లో బల్బులు మసకబారి పక్కింట్లో మెరిసిపోతుంటే అది మైకు జబ్బు కాదు, లైన్లో న్యూట్రల్ వదులైంది. అది పూర్తిగా తెగితే కొన్నిళ్ళకి 230 బదులు 400 దగ్గర దాకా వోల్టేజి వచ్చి టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోతాయి. స్తంభం మీరు ఎక్కమాకండి. లైన్‌మన్‌కి చెప్పండి, లేదా 1912కి ఫోను చెయ్యండి.

చివరిగా మైకు ఈల. కీ...మని కూసేది జబ్బు కాదు, పద్ధతి తప్పటం. హారన్ శబ్దం మళ్ళీ మైకులోకి పోయి, పెరిగి, మళ్ళీ హారన్లోకి వచ్చి గుండ్రంగా తిరుగుతుంది. మన తెనాలి వైపు నాటకాలోళ్ళకి ఈలంటే గుర్తొచ్చేది ఈలపాట రఘురామయ్య గారు. ఆయన ఈల వేస్తే జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు, ఈ ఈలకి చెవులు మూసుకుంటారు. హారన్లని మైకు ముందుకి, జనం వైపుకి తిప్పండి. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని వాల్యూము తగ్గించండి. అంతే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఎట్లాగూ బయట మైకు వెయ్యకూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. పరీక్షలకి చదివే పిల్లలున్న ఇళ్ళని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇదంతా మైకుసెట్టుకే అనుకోమాకండి. చేలో మోటారు స్టార్టరు డబ్బాకి, గ్రైండరుకి, వాటరు పంపుకి, రొయ్యల చెరువు ఏరేటరుకి, అన్నిటికీ ఎర్తు ఒకటే. తేడా ఏందంటే మోటారుకి ఎర్తు లేదని ఎవరూ చెప్పరు. మైకు మాత్రం గుయ్యిమని ఎర్తులో ఏదో తేడా ఉందని ఊరంతటికీ వినపడేలా చెబుతుంది. అట్లా చెప్పేదాని నాలిక కోస్తే నష్టం మనకే.

ఈ ఆదివారం తీరిక చూసుకుని మీ గుళ్ళో, మీ చర్చిలో, మసీదులో మైకు టాపుకి మూడు పిన్నులూ ఉన్నాయో లేదో చూసి రండి. మైకు ఆడించే కుర్రాడికి ఇది చదివి వినిపించండి, తిట్టమాకండి. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. టాపులో పిన్ను లేకపోతే కింద కామెంట్లో "లేదు" అని ఒక్క మాట రాయండి. ఎవరి ఊరో రాయనక్కర్లేదు. వేయించాక మళ్ళీ వచ్చి "వేయించాం" అని రాయండి, చాలు.